రెట్టేరిలో మార్పు

కోటు రిపేరుకి డబ్బుల్లేక
పిరేరా గారు ఈ కర్ర ఇచ్చాడు.
తొమ్మిదడుగులు. గాలి తగిలితే చాలు,
మొదటిసారి మిషనెక్కిన పిల్ల కాలిలా వణుకుతుంది.
"కొండల్లో చల్లటి ఏళ్లుంటాయి అమ్మా,
ట్రౌటని దొరసాని చేప, దానికిది" అన్నాడు
బిట్రగుంట లోకోషెడ్డులో నేర్చిన తెలుగులో.
పెరంబూరులో కొండెక్కడిది?
నాకున్నది రెట్టేరి.
వెనక లారీల హారన్లు, ముందు గుర్రపుడెక్క,
మధ్యలో చాపంత నీళ్లు.

ఈగ కట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు.
జాకెట్లకి హుక్కులు కుట్టీ కుట్టీ
వేలి చివర కాయ కాసినదాన్ని.
ఈ హుక్కు కాస్త పెద్దది, అంతే.
చికెన్ కొట్టులో అడిగి తెచ్చిన పుంజు మెడ ఈక,
వసుమతి టీచరు పట్టుజాకెట్టు కత్తిరింపుల్లోంచి
నెమలికంఠం రంగు పీలిక,
ఆకుపచ్చ దారం పదకొండు చుట్లు,
పంటితో తెంపి ముడి.
చూస్తే ఏ పురుగూ కాదు.
ఏ పురుగైనా కావచ్చు.

వానపాముల డబ్బాతో గట్టుమీద సెల్వం
నవ్వాపుకోలేకపోయాడు.
"కెళుత్తికి కళ్లతో పనేంటక్కా? వాసన కావాలి.
నీ పట్టుముక్కకి ఏం వాసన?"
నిజమే.
వాళ్లు కెళుత్తంటారు, మేం మార్పంటాం.
దాని కళ్లు కాజా దొరకని గుండీలు.
ఉన్నదల్లా ఎనిమిది మీసాలు.
కరెంటు పోయిన కొట్లో
బట్ట నాణ్యం వేళ్లతో చూసే బేరగాడిలా
అడుగు బురదంతా తడుముకుంటూ పోతుంది.

తాడు వెనక్కి విసరాలి. ఆగాలి. అప్పుడు ముందుకి.
ఆ ఆగడం రాక
మూడాదివారాలు నా కొప్పునే పట్టుకున్నాను.
ఒకసారి సెల్వం లుంగీని.
తర్వాత ఒక రాత్రి కాలరు కుడుతుంటే తెలిసింది:
మూల మలుపు దగ్గర సూది గుడ్డలోనే ఉంచి,
పాదం పైకెత్తి, గుడ్డ తిప్పుతామే,
అదే ఆగడం.

నాలుగో ఆదివారం. వాన వెలిసిన పొద్దు.
లాగలేదు. బరువెక్కింది.
నీళ్ల కింద ఎవరో నెమ్మదిగా తలుపు మూసినట్టు.
ఆ తర్వాత కర్ర కొడవలైంది,
రీలు కుయ్యోమంది,
సెల్వం డబ్బా తన్నుకుని పరుగెత్తుకొచ్చాడు,
వానపాములు బతుకుజీవుడా అని నాలుగు దిక్కులా.

గట్టెక్కాక మెడలో టేపు తీసి కొలిచాను, అలవాటు.
పొడుగు ఇరవైమూడు. ఛాతీ పదకొండు.
నడుమని చెప్పుకోడానికేం లేదు.
గుర్రుమంది. గాలి మింగింది.
పై పెదవిలో నా నెమలికంఠం
ముక్కుపుడకలా.

"మళ్లీ వదలకక్కా, ఇది మన చేప కాదు,
ఆఫ్రికాది, చెరువంతా మింగేస్తుంది."
మన చేప కాదట.
దండయార్‌పేట కుళాయి దగ్గర
బిందె పట్టుకున్న మా నాయనమ్మతోనూ
ఎవరో ఇలాంటి మాటే అన్నారట.
అయినా వదల్లేదు.
పులుసు పులుసే.

బకెట్లో వేసి, మూత పెట్టి,
మూత మీద ఇస్త్రీపెట్టె పెట్టి పడుకున్నాను.
రాత్రి రెండింటికి దబ్బుమంది.
లైటేస్తే మిషను పెడల్ కింద,
కత్తిరింపుల గుట్టలో,
రెక్కల ముళ్ల మీద మోచేతుల్లా ఆనుకుని
పాకుతోంది.
మీసానికి ఎర్ర దారం చుట్టుకుంది.
తలుపుకింకా రెండు గజాలు.
ఎటు పోతుందో చూద్దామని
మంచం మీద కాళ్లు ముడుచుకుని
చాలాసేపు కూర్చున్నాను.

తెల్లారి చింతపండు నానేశాను.

టిఫిన్ క్యారియర్ మూత తీసి
"ట్రౌటా?" అన్నాడు పిరేరా గారు.
"మార్పు."
"మంచిదే" అని రెండు ముద్దలు తిన్నాడు.
మూడో ముద్దలో ఆగాడు.
పళ్ల సందులోంచి ఆకుపచ్చ పోగొకటి లాగి,
కిటికీ వెలుతురుకి పట్టి,
కళ్లద్దాలు పైకి తోసి చూశాడు.
"చుట్లు ఎక్కువయ్యాయమ్మా.
ఎనిమిది చాలు."