డెబ్బై రెండు మెట్లు

ఈ రోజు కుడికాలిది.
నిన్న ఎడమది. మొన్న నాది, ఆఫీసుకు వేసుకెళ్లేది.
వారాసిగూడలో నాలుగో అంతస్తు, బాల్కనీ గ్రిల్లు సందులోంచి
గులాబీ రంగు రబ్బరు చెప్పు ఒకటి
గాల్లో పల్టీ కొట్టి
నర్సింలు ఇస్త్రీ బండి రేకు మీద
టప్పున పడుతుంది.

"అమ్మా, పైనుంచి పోస్టొచ్చింది" అంటాడు నర్సింలు
బొగ్గులు ఊదుతూ, తల ఎత్తకుండా.
లిఫ్టు ఉగాదికే పాడైంది.
నేనే దిగాలి. నేనే ఎక్కాలి.

నాలుగేళ్ల పిల్ల. ఇంటికొచ్చి ఏడు నెలలు.
ఇందుజా అని పిలిస్తే గోడకేసి చూస్తుంది.
జడ వేయబోతే మణికట్టు కొరుకుతుంది.
అన్నం కంచం ఎత్తి బోర్లిస్తుంది,
ఆ తర్వాత నేల మీది మెతుకుల్ని
ఒక్కొక్కటే ఏరుకుని తింటుంది, నన్నే చూస్తూ.
అర్ధరాత్రి నీళ్ల ట్యాంకరు వెనక్కి వచ్చే కూతకు
లేచి మంచం కిందికి దూరుతుంది.
అక్కడ నేను పట్టను.
తల ఒక్కటి లోపల పెట్టి, మిగతా నేను బయట
తెల్లారేదాకా పడుకుంటాను.

"ఒక్కటి తగిలియ్యి, దారికొస్తది" అంటుంది మా అత్త, జగిత్యాల నుంచి ఫోనులో.
"ఓపిక పట్టాలండీ" అంటుంది తార్నాకలో కౌన్సెలరు,
గంటకు ఎనిమిది వందలు.
విద్యాసాగర్ ఏమీ అనడు, చెప్పుల స్టాండుకు తాళం తెచ్చాడు.
తాళం వేసిన రోజు
టీవీ రిమోటు వెళ్లింది కిందికి.

ఒకసారి చెయ్యెత్తాను. దాచను.
బోనాల ఆదివారం, ఇంటినిండా చుట్టాలు, వీధినిండా డప్పులు,
బెల్లమన్నం గిన్నె నేలపాలు.
నా చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే
ఆ పిల్ల మోచేయి లేచి చెవిని కప్పింది
అంత చక్కగా, అంత అలవాటుగా,
ఎవరో నేర్పిన నమస్కారంలా.
ఎత్తిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
సరిగ్గానే ఉన్న క్యాలెండరును
సరిచేశాను.

తర్వాత ఎప్పుడో ఎదురింటి ఖైరున్నీసా ఆంటీ
కరివేపాకు కోసం వచ్చి, ఎటో చూస్తూ అంది:
"నువ్వు కిందికి పోయినప్పుడు దాన్ని చూసినవా బేటీ?
గ్రిల్లు పట్టుకొని ఊపిరి బిగబడతది.
చెప్పు నీ చేతికొచ్చినా ఇడవది,
మళ్లా మన గేట్ల నువ్వు కాలు పెట్టినంకనే ఇడుస్తది."

ఆ రాత్రి బియ్యం కడుగుతూ
నల్లా కట్టడం మరిచిపోయాను.
బావిలో చేద వేసి తాడు లాగి చూసుకున్నట్టు
రోజుకోసారి నన్ను దింపి
మళ్లీ పైకి లాక్కుంటోందా ఇది?
ఇంతకుముందు ఎంతమంది దిగిపోయారో.
ఫైలులో దాని గురించి రెండే వాక్యాలు,
రెండోది సగమే.

మర్నాడు ఎడమది పడింది.
తిట్టలేదు. మెట్లు దిగుతూ గట్టిగా లెక్కపెట్టాను.
ఒకటి. రెండు. మూడు.
రెండో అంతస్తు ట్యూషను పిల్లలు కిసుక్కుమన్నారు.
డెబ్బై రెండు! అని రోడ్డు మీద అరిచి పైకి చూస్తే
గ్రిల్లుకు అతుక్కుపోయిన ముక్కు.
ఎక్కేటప్పుడు మళ్లీ ఒకటి నుంచి,
యాభై దగ్గర గొంతు పోయింది.

చెప్పులు ఆగలేదు, అబద్ధమెందుకు.
కొరకడమూ ఆగలేదు.
శనివారం వానలో ఒకటి నాలాలోకి కొట్టుకుపోయింది,
ఇప్పుడు ఒక కాలికి గులాబీ, ఒక కాలికి పచ్చ.

మొన్న సాయంత్రం కరెంటు పోయింది.
మెట్ల నిండా చీకటి. అలసిపోయి
చెప్పు చంకలో పెట్టుకుని
నోరు మూసుకునే ఎక్కుతున్నాను.
పైనుంచి సన్నగా, కాస్త చిరాగ్గా ఒక గొంతు:
పదకొండు. పన్నెండు. పదమూడు. పదిహేను.

పద్నాలుగు దానికి రాదు.
నేర్పొచ్చు కదా, అంటాడు విద్యాసాగర్.
నేర్పుతాను, తొందరేముంది.
రోజూ పదమూడు దాటాక
ఆ పేరు లేని మెట్టు మీద కాసేపు నిలబడి
చెప్పు చెయ్యి మార్చుకుని
పదిహేనుకు వెళ్తాను.