ఖాళీ చేసిండ్రు

రూవీల, హమ్రియా సందుల,
దిష్‌దాషాలు కుట్టే దుకాణంల
రాత్రి తొమ్మిది దాటితే
కటింగ్ బల్ల సగం నాది, సగం నా బిడ్డది.
నా దిక్కు తెల్లబట్ట, దాని దిక్కు తెల్లకాయితం.
రెంటి మీదా ఇంకా గీత పడలే.

చరిత్ర ప్రాజెక్టంట.
చెరోకీలంట, అమెరికాల,
దగ్గర దగ్గర రెండు వందల ఏండ్ల కింద
సొంత నేల మీదికెల్లి పడమటికి తోలిండ్రంట.
పుస్తకం తెరవొద్దు, ఫోన్ పట్టొద్దు,
ముందుగాల ప్రశ్నలు రాసుకురాండ్రి అన్నదట
కొట్టాయం లిస్సమ్మ టీచర్.
జవాబు చూసి రాసిన ప్రశ్న గూడ చూచిరాతేనట.

శ్రీనిజ రాసింది:
ఎంతమంది పోయిండ్రు?
ఎన్ని మైళ్లు?
ఎందుకు పోయిండ్రు?

అక్కడ నా కత్తెర ఆగింది.
పోయిండ్రా బిడ్డా?
పెండ్లికి పోయినట్టా,
నేను మస్కట్ వచ్చినట్టా?

నా దిక్కు చూసింది. కొట్టేసింది.
ఎందుకు ఖాళీ చేసిండ్రు? అని పెట్టింది.

ఈ మాట నాకెరుకే.
మా ఊరు ముంపుల పోయే ముందు
టైపు కొట్టిన కాయితంల ఇదే ఉండె:
గ్రామం ఖాళీ చేసినారు.
ఎవరు? మేమా? మమ్ముల చేసినోళ్లా?
లోపలి మనిషి మూట గట్టి ఎల్లినా అదే మాట,
బయటి మనిషి మెడ వట్టి నూకినా అదే మాట.
దాని కింద నాది ఏలిముద్ర గాదు.
నాకు చదువొచ్చు.
చదివే పెట్టిన సంతకం.

"పెట్టనోళ్లు ఏమైండ్రు నాన్నా?"

నేను సూదిల దారం ఎక్కిస్తున్న.
అది జవాబు కోసం ఆగలే,
నాలుగోది దొరికిందని రాసుకుంటున్నది:
సంతకం ఎవరు పెట్టిండ్రు?
పెట్టనోళ్లు ఏమైండ్రు?

నాకూ ఉషారొచ్చింది.
సిపాయిలు వచ్చిన పూట పొయ్యి మీద ఏముండె, రాయి.
చేన్ల మక్కలు ఎవరు ఇరుసుకున్నరు, రాయి.
"మక్కలు వేస్తరని నీకెట్ల తెలుసు?"
తెల్వది. మా చేన్లయితే అవే ఉండె.
"అది నీ కొలత నాన్నా."

ముప్పై ఏండ్ల నుంచి మనుషుల కొలుస్తున్న.
ఒకని భుజం ఇంకొకనికి రాదని
రోజూ చెప్పే నోరే ఇది.
మక్కల మాట కొట్టేసి
వాళ్లు ఏం పండించేటోళ్లు? అని అడుగున రాసింది.
పొయ్యిని మాత్రం ఉంచింది. ఎందుకో చెప్పలే.

పదింటికి మేడ మీదికి పోయింది.
కాయితం బల్ల మీదనే మరిచింది.
ఆఖరుది సగమే ఉన్నది:
ఈ తోలుడుకు వాళ్ల భాషల పేరు

ఏసీ నీళ్లు బకెట్ల చుక్క చుక్క పడుతున్నయి.
మెడకు కుట్టాల్సిన ఫురాఖా కుచ్చు
చేతుల అట్లనే ఉన్నది.

పెట్టనోళ్లల్ల ఒకామె నాకెరుక.
దుబ్బ ఎల్లవ్వ. మా ఎనుక వాకిలే.
కరెంటు కోసినంక గూడ
పదకొండు రోజులు ఇంట్లనే ఉన్నదని విన్న.
పన్నెండో రోజు సంగతి ఎవరూ చెప్పలే.
నేనూ అడగలే.

ఆమె కొడుకు నంబర్ ఫోన్ల ఉన్నది.
అక్కడ పదకొండున్నర. మేలుకొనే ఉంటడు,
పవర్‌లూమ్‌ల రాత్రి డ్యూటీ.

నీలం చాక్‌పీసు తీసిన.
బట్ట అంచుకు, మడత లోపలికి పోయే తావుల,
ఒకటి రాసిన, తుడిచిన.
ఇంకొకటి రాసిన.
మీ అమ్మ ఎట్ల పోయింది?

పోయింది.
మళ్లా అదే మాట.
తుడిచిన.