చెయ్యెత్తే ముందు

పునుగుల పొట్లం నువ్వు పట్టుకో, చట్నీ నా దగ్గరుంచు.
ఇలా కూర్చో జోషితా, సబ్‌మెరైన్‌కి వీపు పెట్టి.
కన్సల్టెన్సీవాడిచ్చిన ఆ నలభై పేజీలూ
సంచిలోనే ఉండనీ.
ఇన్సూరెన్సు ఉంది అందులో, ప్లగ్గు పిన్నుల బొమ్మలున్నాయి,
నీకు కావలసింది లేదు.

మొదట తల సంగతి.
మనం నిలువుగా ఊపి ఔనంటాం,
అడ్డంగా ఊపీ ఔనంటాం,
పెదజాలరిపేటలో మీ పిన్ని వంజరం బేరమాడుతూ
ఎటూ కాకుండా ఊపి కూడా ఔనంటుంది.
గ్రీసులో గడ్డం అంగుళం పైకి లేచి
నాలుక "చ్" అందంటే, అయిపోయింది, లేదని.
ఔననడానికి వాళ్లమాట "నే".
మాది బొబ్బిలి వైపు కదా,
వారం రోజులు ఆ "నే" విని "నేదు" అనుకున్నాను.
రొట్టెలు ఎదురుగా పేర్చి ఉండగానే
ఖాళీ సంచితో గదికొచ్చి పడుకున్నాను.

కొట్లో అడుగుపెట్టగానే "కలిమేర" అను.
ధర తర్వాత అడుగు.
ముందు మనిషిని చూడాలి, తర్వాత టమాటాని.

మధ్యాహ్నం రెండు దాటితే ఐదు దాకా
వీధి వీధంతా కునుకు తీస్తుంది.
బెల్లు నొక్కకు, కుర్చీ ఈడ్వకు,
బాల్కనీలోంచి మీవాళ్లకి ఫోను చెయ్యకు.
అలల మీద అరిచి మాట్లాడుకునే గొంతులు మీవి,
మూడు మేడల అవతల పసిబిడ్డ లేస్తుంది.

బస్సు టికెట్టు కొంటే సరిపోదు,
మిషను నోట్లో పెట్టి కొరికించాలి.
కొరకని టికెట్టుకి నేను కట్టిన జరిమానా
నా పది రోజుల తిండి.
ఇంకోటి, నవ్వకుండా విను:
మరుగుదొడ్లో కాగితం బుట్టలోనే వెయ్యాలి, వాళ్ల పైపులు సన్నం.
చెంబు నీదే. ఆవకాయ కంటే ముందు అది సర్దు.

చర్చిలోకి భుజాలు కప్పుకుని వెళ్లు.
రాస్ హిల్ మెట్లెక్కుతూ మీ అమ్మమ్మ
కొంగు తలమీదికి లాక్కుంటుందే, అదే మర్యాద.

ఇక అసలుది.
మా ఇంటావిడ కిరియా స్టావ్రూలా.
వాళ్లన్న ఎప్పుడో ఇనప ఖనిజం ఓడలో మన రేవుకొచ్చాడట,
"ఎర్రదుమ్ము ఊరా మీది?" అని అడిగింది, చుట్టం దొరికినట్టు.
ఆదివారం భోజనానికి పిలిచింది.
మూడోసారి గరిటె నా కంచం వైపొస్తుంటే
"చాలండీ" అని అరచెయ్యి ఎత్తాను,
ఐదువేళ్లూ విప్పి, సరిగ్గా ఆవిడ మొహానికెదురుగా.

గరిటె ఆగింది.
బల్ల చుట్టూ చెంచాలాగాయి.
మన దేవుళ్లు భయపడొద్దని చూపించే చెయ్యే,
అక్కడ మొహాన మసి పూసినంత తిట్టు.

ఆవిడ లేచొచ్చింది.
నా చెయ్యి పట్టుకుని చిటికెనవేలు మొదలు
ఒక్కోవేలే ముడిచింది, పసిదానికి లెక్కలు నేర్పినట్టు.
ఆ గుప్పిట తీసుకెళ్లి నా గుండె మీద పెట్టి తెరిచింది.
చాలంటే ఇలా, అని.
తర్వాత మళ్లీ వడ్డించింది, అది వేరే కథ.

ఆ సముద్రం చూసి మోసపోకు.
పోటు లేదు, పాటు లేదు,
గట్టురాయి మీద పొద్దున ఎంతో పొద్దుగూకితే అంతే.
మొదటి నెల ఆ నిలకడకే ఏడుపొస్తుంది.
అప్పుడు వలలు బాగుచేసుకునే చోటు వెతుక్కుని వెళ్లు,
మీ నాన్న పడవ పేరు చెప్పు.
భాష రాకపోయినా
అది పడవ పేరని వాళ్లకి తెలుస్తుంది.

వచ్చి రెండేళ్లయింది నేను.
ఇప్పటికీ టెన్ కే బస్సాపుదామని చెయ్యెత్తి
సగంలో దించేస్తాను.
బస్సు పోతుంది. వెనక డోర్లోంచి కండక్టరు
ఈవిడకేమైందన్నట్టు చూస్తాడు.

రేపు ఎయిర్‌పోర్టులో అద్దం అవతలికెళ్లాక తిరిగి చూస్తావు,
మీ పేటంతా చేతులూపుతుంటారు.
నేను మాత్రం గుండె మీద పెట్టుకుని నిలబడతాను.
చాలని అనుకునేవు.
కాదు.

అయ్యో, చట్నీ అంతా నేనే తినేశాను.