మీటరుకి ఎన్ని చుక్కలు

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్లో
డే అండ్ నైట్ కెమెరాలు పెట్టాలని ఆర్డరు.
నవ్వొచ్చింది గానీ
కొటేషన్లో నవ్వుకి గడి లేదు.

తెల్లారగట్ల టేపు పట్టుకుని దిగేను.
పొద్దు ఏ మేడ వెనక నుంచి లేస్తుందో చూసుకోవాలి,
ఎదురెండ పడితే మనుషులంతా నల్లబొగ్గులే.
వేపకొమ్మ ఊగినా దొంగొచ్చాడని గోలపెడుతుంది యంత్రం.
కొమ్మ కొట్టించాలా, కెమెరా జరపాలా?
ఎత్తు పన్నెండడుగులు.
ఇంకా పైకెళితే నడినెత్తులు తప్ప మొహాలు దొరకవు,
కిందికి దింపితే ఎవడో కర్రతో పొడిచి
ఆకాశం కేసి తిప్పేస్తాడు.

మా లెక్క ఒకటుంది.
అక్కడెవరో ఉన్నారని తెలియడానికి
మీటరు వెడల్పుకి పాతిక చుక్కలు చాలు.
తెలిసినవాడేనని పోల్చడానికి నూట పాతిక.
ముక్కూ మొహం తెలియనివాణ్ణి
వీడేనని వేలు చూపించడానికి రెండు వందల యాభై.

మూడో స్తంభం గీసిన చోట
బుట్ట ముందర పెట్టుకుని కూర్చుంది తవిటమ్మ.
ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, పైన తడిగుడ్డ.
“ఏటి బావూ కొలుత్తన్నావు, నన్ను లేపెత్తారేటి?”
ప్లాను చూపిస్తే కాగితం కేసి చూళ్ళేదు,
రోడ్డు కేసి చూసింది.
“ఆ మందులకొట్టు కాడ ఏటుంది, అది ఎలాగూ ఎలుగే.
ఈ పక్క సూడు. కాలేజీ బస్సు ఆగే కాడ
ఆడగుంటలు నిలబడతారు, దీపం నేదు.
రాతిరి రెండింటికి ఇసకలారీ ఎనక్కొచ్చీది ఈ మలుపులోనే.
వానకాలం ఆ గొయ్యి నీళ్ళల్లో కనపడదు,
ముగ్గురు పడ్డారు, నానే లేపేను.”

మూడు రోజుల సర్వే మూడు నిమిషాల్లో అయిపోయింది.
స్తంభం ఏడడుగులు జరిపేను.
కారణం అన్న చోట ‘సాంకేతికం’ అని రాసేను.
ఆవిడ కూడా ఏడడుగులు జరిగి
అదే స్తంభానికి బరకం కట్టుకుంది.

ఆశ్వయుజంలో వాయుగుండం.
నాలుగు రోజులు వదల్లేదు వాన.
మూడో రాత్రి బరకం పోయింది.

తన కాళ్ళ దగ్గర ఏం జరిగిందో
మూడో కెమెరాకి తెలీదు. దీపం కిందే చీకటి.
రోడ్డవతల రెండోది చూసింది.
కంట్రోల్ రూములో కానిస్టేబులు గవరయ్య
వెనక్కీ ముందుకీ తిప్పుతున్నాడు.
వాన తెల్లటి దారాలై పడుతోంది.
లెన్సుకి అడ్డంగా సాలీడు గూడు
(రాత్రికి నలభై అలారాలు మోగించే అసలు దొంగ అదే).
ఆ గూట్లోంచి ఒక ఆకారం
వంగింది, ముడి విప్పింది,
బరకం నెత్తిన కప్పుకుని
ఎడమకాలు కాస్త ఈడుస్తూ వెళ్ళిపోయింది.
చంకలో ఇంకో చిన్న ఆకారం ఉందా?
లెక్కపెట్టేను. మీటరుకి పద్దెనిమిది.
అక్కడెవరో ఉన్నారనడానికి కూడా చాలవు.

తవిటమ్మ తెర దగ్గరికి జరిగింది.
ఆ ఈడ్చే కాలు చూసింది.
మళ్ళీ వెయ్యమని అడగలేదు.
ఆవిడ మొహం నాకు రెండడుగుల దూరం,
పోల్చుకుందని తెలిసిపోయింది.

“ఎవులో తెలిసిందేటే?” అన్నాడు గవరయ్య.
“నానేటెరుగుదును బావూ,
తడిసినోల్లంతా ఒక్కలాగే ఉంటారు.
ఒగ్గీ.”

గుర్తు పట్టడానికీ పట్టివ్వడానికీ మధ్య
ఎంత దూరమో
నా దగ్గరున్న ఏ లెన్సు పట్టికలోనూ లేదు.

రిపోర్టులో రాసేను: గుర్తింపు సాధ్యపడలేదు.
ఇంకో దీపం కావలెను. గొయ్యి పూడ్చవలెను.
గొయ్యి మీ పరిధి కాదని ఎర్రసిరాతో కొట్టేశారు.

మర్నాడు వాన కాస్త తెరిపిచ్చింది.
స్తంభానికి వీపు ఆనించి,
కెమెరాకి ఎప్పటికీ ఆనని ఆ జానెడు చోట,
యూరియా సంచులు విప్పి
దబ్బనంతో కుట్టుకుంటోంది తవిటమ్మ.
పది రూపాయల కాయలు కొలిచి
పిడికెడు కొసరేసింది.

రోడ్డవతల సాలీడు మళ్ళీ మొదలెట్టింది.
గూడు దులపడానికే నిచ్చెన తెచ్చేను గానీ
కాయలు వేడిగా ఉన్నాయి,
ముందు అవి తిన్నాను.