తొంభై మిల్లీలీటర్లు

కప్తరక్వాలో కోడి కూడా లేవని వేళ
రేకు తలుపు తట్టి కార్డు చూపించాను.
జెలగాట్ ఆవలిస్తూనే నవ్వింది:
"ఇప్పుడేగా అక్కా, ఒంటికి వెళ్ళొచ్చాను!"

ఇంకేం.
ఆమె పాలు పితుకుతుంటే నేను దూడ పక్కన,
కట్టెలకు వెళ్తే నేను కంచె పక్కన.
నా చూపు దాటి పోకూడదు, అది రూలు.
చంటిబిడ్డను కూడా ఎవరూ ఇంతలా కాపు కాయరు,
దొంగను కూడా ఇంత మర్యాదగా అనుమానించరు.

మొదటిసారి నలభై.
రెండోసారి గీత దాటింది గానీ మరీ పలచన,
పరికరం ఒప్పుకోలేదు.
పొయ్యి దగ్గర అత్తగారు తబుటానీ
పొగలోంచి నన్ను ఎగాదిగా చూసి అడిగింది:
"నా కోడలు ఉచ్చ పోస్తుంటే చూడ్డానికి
నీకు నెలనెలా జీతమిస్తారా?"
ఇస్తారమ్మా. ఆలస్యంగా.

ఎండ ముదిరింది.
బంగాళదుంపల బస్తాల మీద ఇద్దరం.
"కుంటుతున్నావు" అంది.
అడక్కుండానే నా ఎడమ పాదం ఒళ్ళోకి లాక్కుని
మడమ వెనక నరాన్ని బొటనవేలితో వెతికింది.
తెగి అతికిన చోట, ఆ ముడి దగ్గర, ఆగింది.

చెప్పాను.
ఎల్డొరెట్‌లో ట్రయల్స్, నాలుగు వందల మీటర్ల హర్డిల్స్.
టీమ్ డాక్టరు మడమలో సూది పొడిచి
"పరిగెత్తు, ఏమీ తెలీదు" అన్నాడు.
నిజమే, ఏమీ తెలీలేదు.
ఏడో హర్డిల్ దగ్గర ఎండు మొక్కజొన్న దంటు విరిగినట్టు చప్పుడు,
ఎవరిదా అని నేనే వెనక్కి తిరిగి చూశాను.
ఆ మందు అప్పట్లో ఏ నిషేధ జాబితాలోనూ లేదు.
నా సీసా నిర్మలంగా వచ్చింది.
నొప్పిని దొంగిలించినవాడికి
ఎవరూ పరీక్ష పెట్టలేదు.

జెలగాట్ ఏమీ అనలేదు. బొటనవేలు ఆపలేదు.
పోయిన నెల ఆమె మారథాన్ టైము
ఒక్కసారిగా నాలుగు నిమిషాలు తగ్గింది.
నన్ను పంపింది అందుకే.
ఆ వేళ్ళకు ఆ సంగతి తెలుసో లేదో.

ఉన్నట్టుండి లేచింది: "వస్తోంది, పద పద!"
మోచేతుల దాకా మడిచిన చేతులు,
మోకాళ్ళ దాకా దింపిన గుడ్డ.
గోడవైపు చూడాలనిపిస్తుంది. చూడకూడదు.
తొంభై నాలుగు.

ఏ సీసా, బీ సీసా.
మూత తిప్పుతుంటే కటకటమంటూ
మళ్ళీ తెరుచుకోని తాళం.
ఫారంలో ఆఖరి గడి:
మీరు ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?
పెన్ను పట్టుకుని చాలాసేపు చూసింది,
ఖాళీగా వదిలేసి సంతకం పెట్టింది.

మటాటూలో సంచీ నా ఒళ్ళో.
రాళ్ళ దారి ఎగరేసినప్పుడల్లా రెండు చేతులా పట్టుకున్నాను.
సీసాలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి,
ఆమె పిసికిన మడమ కూడా.