ఏడు తాళ్ల లోతు

హన్మకొండల ఫస్టు బస్సు ఎక్కేటప్పుడు
సంచిల ఒక టేపు, దాని కొసకు ఇనుప గుండు,
లీటరు సీసాలు మూడు, కార్బన్ పేపరు పెట్టిన ఫారం.
భూగర్భ జలాల ఆఫీసుల పదకొండేండ్ల కొలువు నాది:
ఎవరి బోరు ఎంత ఎండిందో రాసుకచ్చుడు.

పస్రా దాటినంక ఆటో, ఆటో దిగినంక అడివి.
ఈసం ముత్తక్క ముందు నడుస్తున్నది.
ఇప్పపూల గుల్ల చంకల ఉన్నది,
పైదాకా దాన్ని దించలేదు.
నల్లమద్ది మొదలుకాడ చెప్పులు విడువుమన్నది.
ఇంకెంత దూరమంటే
"నీకు మాటలు అయిపోయేంత" అన్నది.

నిజంగనే అయిపోయినయి.
బండ మీద బండ, అరికాలు కింద ఎండ,
వెదురు పొదల నడుమ నా ఊపిరే
ఎవరో ఎనక వస్తున్నట్టు వినబడ్డది.

అగో, దోనె.

ఇంతేనా అనుకున్న.
నాలుగు ఎడ్లబండ్లు నిలబెడితే నిండే జాగ.
నల్లరాతి నడుమ పచ్చటి నీళ్లు,
వాటిని ముట్టీ ముట్టనట్టు తూనీగ ఒకటి.
గుడి లేదు, గంట లేదు, కొబ్బరి చిప్ప లేదు.
ఒడ్డున పసుపు పూసిన రాయి,
మొన్నెవరో పెట్టిన గుప్పెడు ఇప్పపూలు, చీమలు.

టేపు తీయబోతే చెయ్యి పట్టుకున్నది.
"ముందు నీ పేరు చెప్పు. ఆఫీసు పేరు గాదు.
ఏ నీళ్లు తాగి పెరిగినవో అది గూడ చెప్పు."
మోకాళ్ల మీద కూసుని చెప్పిన:
గుంటిపల్లి వీరస్వామిని.
పుట్టింది రేగొండ దిక్కు, చేదబాయి నీళ్లు;
బాయి పూడ్చినంక ట్యాంకరు;
ఇప్పుడు ఇరువై రూపాయల డబ్బా.
డబ్బా అనేకాడ గొంతు ఎందుకో తగ్గింది.
నీళ్లు ఏమనలేదు.
తూనీగ జాగ మారింది.

గుండు జారవిడిచిన. టేపు సల్లగ దిగింది, ఆగింది.
రెండు మీటర్ల నలభై.
"ఏడు తాళ్ల లోతంటరు గదా మీరు?"
కొంచెం గెలిచినట్టే అన్న, అబద్ధమెందుకు.
ముత్తక్క నవ్వలేదు, కోపానికి రాలేదు.
గుల్ల దించి వేళ్లు మడిచింది:
గట్క దొరకని ఏడు,
గడ్డలు తవ్వుక తిన్న ఏడు,
అత్త పసులను అడివిల తోలేసిన ఏడు,
బిడ్డకూ లేగకూ ఒక్కటే చెంబు పంచిన ఏడు...
ఏడుసార్లు కిందున్న వాగులన్నీ ఎండినయట,
ఏడుసార్లూ ఇది ఎండలేదట.
"ఒక్కో కరువు ఒక తాడిచెట్టు పొడుగు.
నీ టేపు అంతుంటదా?"

సీసా ఒక్కటే నింపనిచ్చింది, అది గూడ సగం.
దిగేటప్పుడు కాల్ల ముల్లు దిగింది,
తీయబోతే లోపల్నే ఇరిగింది.

సోమవారం లోతు గడిల 2.40 అనే రాసిన.
కొలువు కొలువే.
రిమార్కుల గడిల మాత్రం
ఏడు కరువులు అని రాసి సంతకం పెట్టిన.
బల్ల కింద కాలు ఇంకా సలుపుతనే ఉన్నది.
కంప్యూటరు ముందు కూసున్న కొత్త పిల్లగాడు
ఫారం ఎత్తి పట్టుకొని అడిగిండు:
"సార్, ఇది మీటర్లల్నా, ఫీట్లల్నా?"