సున్నపు గీతకి ఇవతల

శనివారం తెల్లారకముందే గీతలు గీసేది నేనే.
సున్నం బకెట్టు, తుప్పుపట్టిన చక్రం బండి,
పక్కనే ముసురు కప్పుకున్న ఉరుగ్వే నది.
ఫ్రాయ్ బెంతోస్‌లో మాంసం ఫ్యాక్టరీ మూతపడ్డాక
ఈ మైదానం ఒక్కటే
ఇంకా సైరన్ వినబడుతున్నట్టు వేళకి లేస్తుంది.

ఒల్దెమార్ కోసం ఈ ఏడు కొత్తగా ఒక డబ్బా గీశాను.
కోచ్ నిలబడే చోటు.
ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు.
పందొమ్మిదేళ్లు పెనాల్టీ ఏరియాలో
సొంత పెరట్లోలా తిరిగినవాడు
మొదటిరోజు అందులో అద్దెకి దిగినవాడిలా నిలబడ్డాడు,
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక.

నూట నలభై మూడు గోల్స్.
ఆ లెక్క ఊరు రాసుకుంది,
బేకరీ గోడమీద, మంగలి అద్దం అంచున.
ఆయన మాత్రం కొట్టినవి చెప్పడు.
తప్పినవి అడగండి,
గాలి ఎటు వీచిందో,
గోల్‌కీపర్ సాక్సుల్లో ఏది జారి ఉందో చెబుతాడు.

"ఎలా కొట్టాలి ప్రొఫే?" అంటారు పిల్లలు.
నోరు తెరుస్తాడు. మాట రాదు.
కాలికి తెలిసింది నాలుకకి ఎవరు చెప్పారు గనక!
"బంతిని చూడకు," అన్నాడు చివరికి,
"డిఫెండరు నడుము చూడు. దానికి అబద్ధమాడటం రాదు."
ఆ ఒక్క మాటకి మూడు వారాలు పట్టింది.

కుడివైపు నుంచి క్రాస్ లేస్తే
గీతకి ఇవతల ఆయన కాలూ లేస్తుంది.
పోయిన నెల నీళ్ల సీసా ఎగిరి లైన్స్‌మన్ పిక్కకి తగిలింది.
ఎల్లో కార్డు.
బెంచీ అంతా నవ్వింది, ఆయన తప్ప.
తన్ను కాస్త ఎత్తుగా పోయిందట.

నిన్న డెబ్బయ్యో నిమిషంలో
తొమ్మిదో నంబరు పలక ఎత్తాల్సి వచ్చింది.
నహుయేల్, పదిహేడేళ్లవాడు.
ఒక్కటీ కొట్టలేదు, ఒక్క పరుగూ ఎగ్గొట్టలేదు.
ఒల్దెమార్ పలక తలకిందులుగా ఎత్తాడు.
ఆరో నంబరు స్టాపరు బిత్తరపోయి బయటికి నడిచాడు,
రిఫరీ ఈల వేశాడు, జనం గోల.
పొరపాటో కాదో నేనడగలేదు.
సరిచేసి మళ్లీ ఎత్తేసరికి ఆయన చెయ్యి వణికింది.

కుర్రాడు చెయ్యి కలపలేదు.
కాలరు పళ్లతో కొరుక్కుంటూ బెంచీ చివర కూర్చున్నాడు.
ఒల్దెమార్ కోటు విప్పి వాడి మోకాళ్లమీద పడేశాడు,
అటు తిరక్కుండానే,
వెనకున్నవాడికి మడమతో పాస్ ఇచ్చినట్టు.

అందరూ వెళ్లాక వలలు విప్పడానికి వెళ్లాను.
చీకట్లో గోల్ లోపల ఆయన.
స్తంభాల మధ్య నిలబడి మైదానంకేసి చూస్తున్నాడు.
చేతులు చాచాడు, ఏ స్తంభమూ అందలేదు.
"ఇంత పెద్దదా రొసేందో ఇది!
మరి పైసాందూ వాళ్లమీద అదెలా తప్పాను?"

నేనేమంటాను.
వల ఒక కొస నేను, రెండో కొస ఆయన.
తడి దుప్పటి మడిచినట్టు మడుస్తూ దగ్గరికొచ్చి
తన కొస నా చేతిలో పెట్టాడు.
సోమవారానికి ఇంకో పలక చెయ్యమన్నాడు,
తొమ్మిది కింద గీత గీసి.